వేలి కడ దాటని కత్తి

నేను బి.ఏ. పాసయినాను.

ఈ మాట మదురలో రైలు దిగినప్పటినుంచి ఎంతమందికి చెప్పినానో నాకే తెలీదు. టికెట్టు పుచ్చుకున్న అయ్యకు చెప్పినాను. మజ్జిగ అమ్మే అవ్వకు చెప్తే ఆమె నా మొగం చూసి, "పాపం, ఇప్పుడు తగ్గిందా సామీ?" అని అడిగింది. జబ్బు కాదు అవ్వా, చదువు అన్నాను. "ఏదైతేనేమి, ఒళ్ళు జాగ్రత్త" అని ఇంగొక ముంత పోసింది. ఆండిపట్టి దోవలో మా భాష మాట్లాడే పల్లెలన్నిటిలోనూ చదువు పట్టం పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. మా నాయన చేవ్రాలు పెట్టమంటే నాగలి బొమ్మ గీసేవాడు. అట్లాంటి ఇంట్లోంచి వచ్చి నోరు మూసుకొని ఉండమంటే ఎట్ల ఉండేది?

ఆ సంబరంలోనే ఒక కత్తి కొనుక్కుందామని గుడి ముందర మండపంలోని అంగడికి పోతిని. పట్నంలో చదివినన్నాళ్ళూ పెన్సిలు చెక్కేదానికి పక్కవాడి కత్తి అడుక్కొనే బతుకే అయింది. ఇంగ నాది నాకుండాల. పెన్సిలుకు, మామిడికాయకు, చేన్లో కాలికి ముల్లు గుచ్చుకుంటే తీసుకొనేదానికి, అన్నిటికీ ఒకటే. అంగడాయన గుడ్డ పరిచి శీమనుంచి వచ్చిన మడత కత్తులు వరసగా పెట్టినాడు. ఎముక పిడివి, కొమ్ము పిడివి, ఇత్తడి బిళ్ళ వేసినవి. నా చెయ్యి పోయి అన్నిటికన్నా చిన్నదాని మీద పడె. తెరిచి, చూపుడువేలి పక్కన పెట్టుకొని చూస్తిని. పదునుండే అలుగు నా వేలి కొసకు కొంచెం లోపలే ఆగింది.

"పట్టం వాంగినవారు, ఇదా ఎత్తుకొనేది?" అన్నాడు అంగడాయన, సగం తమిళం సగం తెలుగులో. "ఇది ఆడపిల్లలు గోళ్ళు తీసుకొనేది సామీ. దానికి పక్కది చూడండి. రెండు చెరుకు గడలను ఒకే వేటుకు నరుకుతుంది."

"నాకు ఇది చాలు" అన్నాను.

కత్తిని వేలి పక్కన పెట్టి కొలవమని నేను నా చెయ్యికి చెప్పలేదు. అదే కొలిచింది. అది చూసినాక, ఉదయంనుంచి వాగుతా ఉన్న నోరు, ఆ మండపంలో మూతబడింది.

* * *

మా ఇంట్లో ఆడోళ్ళు కాక అందరి మొలతాడుకూ ఒక కత్తి ఉండేది. కత్తి అంటే మీరు పెద్దది అనుకోగూడదు. పిడి కలిపినా అరచేతిలో దాగిపోయేది. తోలు ఒరలో పెట్టి మొలతాడుకు కడితే కూర్చున్నప్పుడు గుచ్చుకొనేది కాదు, పరిగెత్తినప్పుడు ఊగేది కాదు, ఉన్నట్టే తెలిసేది కాదు. కానీ దాంతో కాని పని లేదు. తెల్లారితే వేపపుల్ల కొట్టేది అదే. సజ్జకూట్లోకి ఎర్రగడ్డ కోసేది అదే. మేకపిల్ల పుడితే బొడ్డు కోసేది, కాపుకొచ్చిన ఆముదం గెల తెంచేది, తాటిముంజ గుల్ల తీసేది, చెప్పు తెగితే వారు కోసేది, అన్నీ ఆ ఒక్క ఇనుప ముక్కే. మా తాత కత్తిని మూతి దగ్గర పెట్టుకుంటే ఎర్రగడ్డ, మేకపాలు, తుమ్మజిగురు, ఆముదం, నాలుగు వాసనలూ కలిసి వచ్చేవి. నాకు మా తాత అంటే ఇప్పటికీ ఆ వాసనే.

మేము పిల్లలం తాత నిద్రపోతే మెల్లగా ఆ ఒరలోంచి లాగి, తాటాకు బొమ్మలు కోసి, మళ్ళీ పెట్టేస్తిమి. ఆయన కన్ను తెరవకుండానే, "తుడిచి పెట్టండ్రా, తుప్పు పడుతుంది" అనేవాడు.

మగపిల్లోడు మొదటిసారి మంద వెంబడి కొండకు పోయే ఏడు వాడికి కత్తి ఇచ్చేవాళ్ళు. ఇచ్చేది అనగూడదు, వాడే ఎంచుకోవాల. ఆసారి, అంటే మా కమ్మరాయన, కత్తులు గంపలో వేసుకొని వచ్చి అరుగు మీద పరిచేవాడు. పిల్లోడు ఒక్కొక్కటి చేత పట్టి చూడాల. తాత పక్కన కూర్చొని చెప్తా ఉండేవాడు. "వీపు మీద చూపుడువేలు ఆనించు. ఆనిందా? ఇప్పుడు కన్ను మూసి కొన ఎక్కడుందో చెప్పు. చెప్పలేకపోతే అది నీది కాదు, పెట్టెయ్." ఇంగొకటి కూడా చెప్పేవాడు: "ఇంట్లో ఉండే మంచి కత్తికన్నా మొలలో ఉండే చెడ్డ కత్తి మేలు. మొలలో ఉండాలంటే చిన్నదై ఉండాల."

కడాకు పిల్లోడు ఎంచుకున్న కత్తిని తాత తీసుకొని వాడి చూపుడువేలి పక్కన పెట్టి కొలిచేవాడు. అలుగు వేలి కొస దాటితే తిరిగి గంపలో పడేసేవాడు. దాటకపోతే మంత్రం చెప్పినట్టు, "ఎట్టు విరల్ కడ" అనేవాడు. అంతే, కత్తి వాడిది.

ఆ మాట మా ఊళ్ళో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. ఎక్కడిదంటే, కుంపిణీ వాళ్ళు పాళెగాళ్ళ కోటలు పడగొట్టినాక, ఆయుధాలన్నీ తెచ్చి అప్పజెప్పాలని ఊరూరా దండోరా వేసినారు. దండోరా వేసినవాడు తమిళాయన. కత్తి, ఈటె, తుపాకి ఏదీ ఉండగూడదు, ఇంటి పనికి ఉండే కత్తి "ఎట్టు విరల్‌కడై" మించగూడదు అని అరిచినాడు. మా వాళ్ళు ఆ మాట విన్నారు. మా ఇండ్లల్లో 'చెయ్యి ఎట్టలేదు' అంటే అందలేదు అని. విరల్ అంటే వేలు అని తెలుసు. కడ అంటే చివర, అది మన సొంత మాటే. వేలి చివరికి ఎట్టేంత. అంతకు మించి ఉంటే కుంపిణీ వాళ్ళు ఉరి తీస్తారు. అట్ల అర్థమయింది మా ఊరికి. ఉన్న కత్తులన్నీ ఎండిన బావిలో పడేసి, మన్ను కప్పి, వేలంత కత్తులు చేయించుకున్నారు.

పక్కన తమిళ పల్లెల్లో వాళ్ళు అంతకన్నా పెద్దవి పెట్టుకొని తిరుగుతా ఉంటే మా వాళ్ళు చూసి, "వాళ్ళకి ఉరి మీద ఆశ" అనుకునేవాళ్ళు. వాళ్ళు మమ్మల్ని చూసి, "విరల్ కత్తి వస్తాండాడు, గోళ్ళు తీయించుకోండ్రా" అని నవ్వేవాళ్ళు.

* * *

మా ఇంట్లో పెద్దవ్వ ఉండేది. మా తాతకు అన్న పెండ్లాం. మనిషి సన్నంగా, ఎండిన కందిపుల్ల మాదిరి. సంగటి కెలికితే ఆమే కెలకాల, పుంటికూర పులుసు పెడితే ఆమే పెట్టాల, లేకుంటే మా నాయన ముద్ద దిగదు. మాట తక్కువ. ఉన్న ఆ కొంచెం మాటలోనూ కారం ఎక్కువ. ఒకతూరి మా అమ్మ పులుసులో ఉప్పు మరిచిపోతే, "ఏం కోడలా, ఉప్పు మీద కూడా దండోరా వేసినారా?" అన్నది.

ఆమె మెడలో తాళి ఉండేది. మొగుడు ఉండేవాడు కాదు.

నేను చిన్నప్పుడు అడిగినాను, పెద్దతాత ఎక్కడ అని. మా అమ్మ నా నోరు మూసింది. తరవాత ఎవరూ లేనప్పుడు చెప్పింది. దండోరా వేసిన ఏడు, ఊరంతా కత్తులు బావిలో వేస్తా ఉంటే, ఆయన ఒక్కడు వెయ్యలేదంట. "వాడు చెప్పింది వేలి చివర కాదు, వేరే లెక్క. నేను కంబం దాకా ఎద్దుల మీద ఉప్పు తోలినోణ్ణి, వాళ్ళ మాట నాకు తెలుసు. నా కత్తి ఆ లెక్కకు లోపలే ఉంది" అన్నాడంట. అది వాళ్ళ నాయన కత్తి. ఊరు భయపడింది. ఒకడి పొగరుకు ఊరినే కాలుస్తారని కంబళి పరిచినారు.

కంబళి అంటే మా వాళ్ళ సభ. నల్ల గొర్రెబొచ్చు కంబళి పరిచి దాని మీద పెద్దలు కూర్చుంటే అదే న్యాయస్థలం. దాని మీద చెప్పింది తిరగదు. కత్తి వెయ్యి, లేకుంటే కంబళి దిగు అన్నారు. ఆయన దిగినాడు. అట్లే కొండల తట్టు నడిచి పోయినాడు. మళ్ళీ రాలేదు. కంబళి దిగినోడి పేరు ఊర్లో పలకగూడదు. చచ్చినాడని తెలిసినా కర్మ చెయ్యగూడదు. ఊరికి వాడు చావనూ లేదు, బతకనూ లేదు.

పెద్దవ్వ అప్పుడు కాపరానికి వచ్చి ఒక చలికాలం కూడా కాలేదంట.

అప్పటినుంచి ఆమె పొగరుబోతు పెండ్లాం. పేరంటానికి పిలిచేవాళ్ళు కాదు, మొగుడు కంబళి దిగినోడు కాబట్టి. ముండమోసినోళ్ళ పక్కన కూర్చోబెట్టేవాళ్ళు కాదు, తాళి ఉంది కాబట్టి. పెండ్లి పందిట్లో ఆమె ఎప్పుడూ గాడిపొయ్యి దగ్గరే. పొగ తగులుతుంది, ఇటు రా పెద్దవ్వా అంటే, "పొగకు నేను ఎవరో తెలీదులే బిడ్డా" అనేది.

* * *

నన్ను పక్క తమిళ ఊర్లో అరుగుబడికి పంపినారు. తాలూకానుంచి ఏ కాగితం వచ్చినా చదివేదానికి ఇంట్లో ఒకడుండాలని మా నాయన ఆశ. వాత్యారు మంచాయన, కానీ పొడుం పీల్చి తుమ్మితే ఇసక మీద మేము రాసిందంతా ఎగిరిపోయేది. నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. "డేయ్ వడుగా" అనేవాడు. వడుగడంటే వాళ్ళ మాటలో తెలుగోడు.

ఒక పొద్దున కొలతల వాయి, ఎక్కాల మాదిరి వల్లించేది, మొదలుపెట్టినాడు. పిల్లలంతా ఊగుతా పాడతాండారు. "ఎట్టు నెల్ ఒరు విరల్‌కడై. పన్నిరండు విరల్‌కడై ఒరు శాణ్." నెల్ అంటే వడ్లగింజ, శాణ్ అంటే జాన. నేనూ పాడతాండాను. రెండోసారి పాడేటప్పుడు నా నోట్లోనే ఆ మాట నాకు వినిపించింది. ఎట్టు. విరల్‌కడై.

"అయ్యా, విరల్‌కడై అంటే వేలి చివర కద?"

వాత్యారు నా చెయ్యి పట్టి ఇసక మీద బోర్లా పెట్టినాడు. "చివర కాదురా వడుగా. వేలి అడ్డం. ఈ వేలు ఎంత వెడల్పో అంత. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే నాలుగు విరల్‌కడై. రెండు చేతులూ పెట్టు. బొటనవేళ్ళు వద్దు. ఇప్పుడెంత?"

"ఎట్టు" అన్నాను. ఎనిమిది.

నా చేతులు రెండూ ఇసక మీద ఉన్నాయి. మా తాత కత్తి ఆ రెండు చేతుల్లో సగం లేదు.

నేను సద్ది మూట కూడా అక్కడే వదిలేసి పరిగెత్తినాను. దోవలో జొన్నచేల మధ్యన మా ఊరాయన ఎవరో "ఏమిరా, దెయ్యం తరుముతాందా?" అని అరిచినాడు. నాకు ఆగే ఓపిక లేదు. ఇప్పుడు బి.ఏ. వార్త పట్టుకొని ఎట్ల పరిగెత్తినానో, అప్పుడూ అట్లే. మంచి వార్త అనుకున్నాను. మేము ఇంగ పెద్ద కత్తులు పెట్టుకోవచ్చు, తమిళ పిల్లోళ్ళు నవ్వరు. నా బుర్రకు తోచింది అంతే.

తాత అరుగు మీద ఎర్రగడ్డ కోసుకుంటాండాడు. నేను రొప్పుతా అంతా చెప్పేసినాను. చేతులు రెండూ అరుగు మీద పెట్టి చూపించినాను.

ఆయన కత్తి ఎర్రగడ్డలో సగందాకా దిగి ఆగిపోయింది.

"ఎవరు చెప్పింది?"

"వాత్యారు తాతా. కొలతల వాయిలోనే ఉంది. ఆ ఊరి బడంతా పాడుతుంది."

లోపల తిరగలి శబ్దం నిలిచిపోయింది. పెద్దవ్వ గడప దగ్గరకు వచ్చింది. చేతుల నిండా సజ్జపిండి.

"బిడ్డా, ఇంగొకసారి పెట్టు చేతులు" అన్నది.

పెట్టినాను. ఆమె వంగి చూసింది. ఎంతసేపు చూసిందో. తరవాత తన చేతులు రెండూ నా చేతుల పక్కన, అట్లే, బొటనవేళ్ళు మడిచి పెట్టింది. అరుగు మీద పిండి అంటింది.

"ఇట్లే పెట్టి చూపించినాడు" అన్నది. "ఈ అరుగు మీదనే. మీ అందరికీ. నువ్వు కూడా ఉంటివి మరిదీ. చిన్నోడివి, గుంజ పట్టుకొని నిలబడి ఉంటివి."

తాత తల ఎత్తలేదు. "ఉంటిని వదినా."

"కంబళి పరిపించు" అన్నది ఆమె. లోపలికి పోయింది. తిరగలి శబ్దం మళ్ళీ మొదలయింది.

* * *

కంబళి పరిచినారు. ఇప్పుడు కంబళి పెద్ద మా తాతే. ఆయన పక్కన మీసాల తాత కూర్చున్నాడు. ఈయన మా తాతకు బావమరిది. మీసం రెండు చెంపలూ దాటి చెవులకు తగిలేది. ఆ మీసం చూసి పిల్లలం భయపడితిమి కానీ ఊర్లో అందరికన్నా ఎక్కువ భయం ఉన్నది ఆయనకే. తాలూకా జవాను వస్తే మొదట అటక ఎక్కేది ఆయనే.

నన్ను కంబళి అంచున నిలబెట్టి వాయి పాడమన్నారు. పాడినాను.

"బావా," అన్నాడు మీసాల తాత, "వీడికి బువ్వ తినేదానికే వేళ్ళు సరిగా కూడవు. వీడి వేళ్ళు లెక్కబెట్టి మన పెద్దోళ్ళ తీర్పు తిప్పేదా?"

"వాడి వేళ్ళు కాదు బావా. దేశమంతా అదే లెక్క. నేను నిన్న సంతలో ముగ్గుర్ని అడిగొచ్చినాను."

"అయితే ఏం చెయ్యమంటావు? ఇంగ అందరూ పెద్ద కత్తులు కట్టుకోవాల్నా? కుంపిణీ పోయి రాణి వచ్చిందంట. ఆమె లెక్క ఎంతో ఎవరికి తెలుసు? ఉండేదాంట్లో ఉంటే పోదా?"

అప్పుడు పెద్దవ్వ మాట్లాడింది. ఆడోళ్ళు కంబళి తొక్కగూడదు. ఆమె అంచుకు ఒక అడుగు దూరంలో, మన్నులో నిలబడి ఉంది.

"నేను కత్తి అడిగేదానికి రాలేదు మీసాల తమ్ముడా. మీరు వేలంత పెట్టుకుంటారో, వెంట్రుకంత పెట్టుకుంటారో మీ ఇష్టం. ఆయన చెప్పింది నిజమా, అబద్ధమా? అది ఒకటి చెప్పండి. నేను పోయి సంగటి చూసుకోవాల."

ఎక్కడో ఒక మేక అరిచింది.

"అక్కా, అప్పుడు భయం" అన్నాడు మీసాల తాత. మీసం మీద చెయ్యి వేసుకొని, మళ్ళీ తీసేసినాడు. "నీకు తెలీదు. కోటలో వాళ్ళను చెట్లకు వేలాడదీసింది నేను చూసినాను. మా నాయన భుజం మీద కూర్చొని చూసినాను."

"తెలుసు తమ్ముడా. భయం తప్పని నేను అనలేదే."

మా తాత కంబళి బొచ్చు పీకుతా కూర్చున్నాడు. తరవాత చెప్పినాడు. ఆయన గొంతు నాకు ఇప్పటికీ ఉంది.

"ఎట్టు అంటే ఎనిమిదని మనకు తెలీదా? ఎట్టు పణం అంటే సంతలో తొమ్మిది ఇస్తిమా? తెలుసు. కానీ కడ అనేసరికి అందరికీ మన మాటే చెవిలో పడింది. పడినాక, ఇంగొకసారి అడుగుదాం అని ఒక్కడికీ ధైర్యం రాలేదు. అడిగినవాణ్ణి దింపేసినాము. ఇంతవరకూ ఏ జవాను అయినా వచ్చి మన కత్తి కొలిచినాడా? ఒక్కడు కొలవలేదు. మనమే కొలుచుకుంటిమి." ఆగినాడు. "మా అన్న చెప్పింది నిజం. ఆయన కంబళి మీదనే ఉన్నాడు."

అని, ఆ పేరు పలికినాడు. నేను ఆ పేరు వినడం అదే మొదలు. ఇక్కడ రాయను. ఆ పేరు పలకకుండా ఊరు ఎంత కట్టుబడి ఉందో చూసినవాణ్ణి, ఊరికే కాగితం మీద పెట్టేదానికి చెయ్యి రాదు.

మీసాల తాత పక్కకు జరిగినాడు. ఒక మనిషి కూర్చొనేంత చోటు వదిలినాడు. ఎవరూ చెప్పకుండానే జరిగినాడు.

పెద్దవ్వ అది చూసి, కొంగు సర్దుకొని, "ఇంగ కర్మ చెయ్యండి" అన్నది.

* * *

నాకు అప్పుడుగాని అర్థం కాలేదు. కంబళి మీద ఉన్నవాడికే చావు ఉంది. ఆయన కంబళి మీదికి వచ్చినాడంటే, ఆయన వయసు లెక్కబెట్టి, పోయినాడని ఒప్పుకోవాల. ఒప్పుకుంటే ఆమె తాళి తియ్యాల. నేను జొన్నచేలో పరిగెత్తి తెచ్చింది ఈ వార్త.

వైగై ఒడ్డున మోదుగాకులతో ఒక మనిషి బొమ్మ చేసి కాల్చినారు. నీళ్ళు తక్కువ కాలం, ఇసక ఎక్కువ. మా నాయన నిప్పు పెట్టినాడు. మగోళ్ళు తల తడుపుకొని ఇంటికి తిరిగి వస్తే, ఊర్లోని ముండమోసిన ముసలోళ్ళు పెద్దవ్వను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఆమె ఏడవకుండా ఉంటే తక్కినోళ్ళకు ఎట్ల ఏడవాలో తెలీలేదు.

తాళి రావడం లేదు.

మామూలుగా మా ఆడోళ్ళు పసుపుతాడు నానిపోతే తీసేసి కొత్తది కట్టుకుంటారు. పెద్దవ్వ ఆయన కట్టిన తాడు ఎప్పుడూ తియ్యలేదంట. తీస్తే మళ్ళీ కట్టే చెయ్యి ఏదీ? పాతదాని మీదనే కొత్త నూలు చుట్టి, పసుపు పూసి, దాని మీద మళ్ళీ చుట్టి, చుట్టి, అది వేలు లావు మోకు మాదిరి గట్టిపడి మెడకు ఆనుకొని ఉంది. ముడి ఎక్కడుందో కనిపించదు. ముసలోళ్ళు గోళ్ళతో పీకి, పండ్లతో కొరికి అలిసిపోయినారు.

"కత్తి తెండ్రా" అన్నది వాళ్ళలో ఒకామె.

ఆ రోజే ఆసారి గంప తెచ్చి ఉన్నాడు. నాకు కత్తి ఎంచుకొనే ఏడు అది. కంబళి మాట విని, పాత రకంతో పాటు ఎనిమిది వేళ్ళవి కూడా కొత్తగా సాగదీసి తెచ్చినాడు. సానరాయి దుమ్ము ఇంగా వాటి మీద ఉంది. నేను గంప ఎత్తుకొని వాకిట్లో పెట్టినాను. ముసలామె ఒక పెద్ద కత్తి తీసి తాడు కిందికి దూర్చబోయింది. అలుగు వెడల్పు, దూరడం లేదు. మెడ మీద చర్మం గీరుకుంది.

పెద్దవ్వ ఆమె చెయ్యి పట్టుకొని పక్కకు పెట్టింది. "ఉండు. నా మెడ నాకు తెలుసు."

గంప తన ముందరికి లాక్కుంది. ఆమె జన్మలో ఎవరూ ఆమె ముందర కత్తుల గంప పెట్టలేదు. ఒక్కొక్కటే తీసి చూసింది. తొందర లేదు. పిడి బరువు చూసింది, వీపు మీద చూపుడువేలు ఆనించి చూసింది. ఇన్నేండ్లు గడప లోపలనుంచి మగపిల్లోళ్ళు ఎంచుకొనేది చూసి ఉంది కద. పెద్దవి పక్కకు పెట్టింది. నడిమివి పక్కకు పెట్టింది. అడుగునుంచి ఒకటి తీసింది. అందరికన్నా చిన్న పిల్లోళ్ళకు చేసేది, నా చిటికెనవేలంత అలుగు, పల్చగా, వేపాకు మాదిరి.

"అవ్వా, అది పసిపిల్లోళ్ళది" అన్నాడు ఆసారి, గోడ తట్టు తిరిగి నిలబడే.

"నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నా వేలు ఇంతే ఉండె" అన్నది పెద్దవ్వ.

కన్ను మూసుకుంది. ఎడమచేతి వేలు ఒకటి తాడుకూ మెడకూ నడాన దూర్చి, ఆ వేలి మీదుగా కత్తి కొన జరిపింది. ఒక్కొక్క పొర కోసింది. పైది పసుపు, దాని కింద కొంచెం నలుపు, దాని కింద బూడిద రంగు. లోపల, చిట్టచివర, తెల్లటి నూలు. ఆయన కట్టింది. దానికి పసుపు కూడా మిగల్లేదు. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. నాకు తెలిసి ఆగింది అక్కడ ఒక్కచోటే. తరవాత అదీ తెగింది. మెడ మీద ఒక గీటు లేదు.

ముసలోళ్ళు అప్పుడు ఏడ్చినారు.

కర్మ అయినాక, తాళి కోసిన కత్తి ఏట్లో పడెయ్యాల, ఇంట్లో ఉండగూడదు అన్నారు. మీసాల తాత దూరంనుంచి చెయ్యి చాపినాడు, ఇటివ్వు అక్కా, నేను పోయి వేసొస్తా అని. పెద్దవ్వ ఆ కత్తిని పైట చెంగుతో తుడిచి, మొలలో దోపుకుంది.

"కంబళి మీద ఉన్నవాడికి అన్నిట్లో పాలు ఉంటుంది కద తమ్ముడా. మేతలో, నీళ్ళలో. ఇది ఆయన పాలు" అన్నది.

కంబళి పెద్ద మా తాత. ఆయన తల ఊపినాడు.

* * *

నేను ఏ కత్తి ఎంచుకున్నానని అడుగుతారేమో. ఎనిమిది వేళ్ళది ఒకటి తీసి మొలకు కట్టుకొని చూసినాను. కూర్చుంటే గుచ్చుకునింది. విప్పేసి వేలంతది తీసుకున్నాను. ఊర్లో కొందరు పెద్దవి చేయించుకున్నారు, కొందరు లేదు. తాత మాత్రం ఇంగ ఎవరి వేలూ కొలవలేదు. "నీకు ఏది కుదిరితే అది" అనేవాడు.

ఆ ఊరు ఇప్పుడు అట్ల లేదు. తగువు వస్తే మునసబు కోర్టుకు బండి కడతాండారు. ఆ నల్ల కంబళి ఎవరి ఇంట్లో మూలనుందో తెలీదు. ఆసారి కొడుకు రైలు పనికి పోయినాడు. మందలు తగ్గిపోయినాయి. కొండల్లో మేతకు పోవాలంటే అడవి జవానుకు చీటీ చూపించాలంట. తాత పోయినాడు, పెద్దవ్వ పోయింది. బి.ఏ. అంటే ఏందని నన్ను సరిగా అడగగలిగిన మనిషి ఆమె ఒక్కతే. నేను చెప్పింది విని, "అయితే నీ మాటలు ఇంగ దొర కూడా తప్పుగా వినడు" అనేదేమో. ఆ మాట నేనే కల్పించుకుంటాండాను. ఆమె ఏమనేదో నాకు తెలీదు.

తెలిసింది ఒకటి చెప్తాను. ఆ కర్మ అయిన ఏడు, ఎండాకాలంలో, మేము పిల్లలం మంద తోలుకొని కొండ కిందికి పోతా ఉంటే పెద్దవ్వ కూడా వస్తానని బయలుదేరింది. అంతకు ముందు ఆమె ఊరి పొలిమేర దాటింది నేను చూడలేదు. దోవలో నా కాలికి తుమ్మముల్లు దిగితే రాతి మీద కూర్చోబెట్టి ఆ కత్తితోనే తీసింది. నొప్పి తెలీలేదు. నేను భయపడతా అడిగినాను, నేను ఆ వార్త తెచ్చింది తప్పా పెద్దవ్వా అని.

"తేకుంటే ఏమయ్యేది? నేను పెండ్లామూ కాకుండా, ముండా కాకుండా, గాడిపొయ్యి దగ్గరే పోయేదాన్ని" అన్నది. ముల్లును చూసి, దూరంగా విసిరేసింది. "పో, మేకలు చేను మీద పడతాయి."

మధ్యాన్నం చెట్టు నీడన ఆమె ఒక అడవి దోసకాయ కోసింది. మాకందరికీ ముక్కలు పంచింది. ఒక ముక్క మిగిలించి, ఆకు మీద పెట్టి, రాతి మీద ఉంచింది. మా ఆడోళ్ళు మొగుడి పేరు పలకరు, పోయినాక కూడా పలకరు. ఆమె లేచి నిలబడి, ఆ కొండల తట్టు తిరిగి, ఆ పేరు పిలిచింది. చేన్లో ఉన్నవాణ్ణి కూటికి రమ్మని పిలిచినట్టు, గట్టిగా.

కొండ ఒకసారి తిరిగి పలికింది. ఆమె కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, కాసేపు అటే చూస్తా నిలబడి, కూర్చొని తన ముక్క తినింది.